సాలీళ్ళ లోకం

పండుగ దగ్గర పడిందంటే ఇంట్లో బూజు దులపడం మన ఆచారం. సంక్రాంతి ముందు, ఉగాది ముందు పొడవాటి బూజుకర్ర బయటికి వస్తుంది. గది మూలలు, తలుపుల వెనుక భాగాలు, ఫ్యాను రెక్కల పైభాగం అన్నీ దులుపుతారు. గోదావరి ఒడ్డున పెంకుటింట్లోనూ ఇదే పని. సెరంగూన్‌లో పన్నెండో అంతస్తులో ఉన్న హెచ్.డి.బి. ఇంట్లోనూ ఇదే పని. ఎంత శుభ్రంగా దులిపినా, వారం తిరగకముందే ఆ మూలలోనే మళ్ళీ సన్నని దారాలు కనిపిస్తాయి. వాటి మధ్య ఒక చిన్న ప్రాణి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. అదే సాలీడు.

సాలీడును చూడగానే కొందరు భయపడి అరుస్తారు. కొందరు చెప్పు తీసుకుని కొట్టబోతారు. కాని కొద్దిమంది మాత్రం దాని ఎదుట కదలకుండా కూర్చుని, అది ఏం చేస్తున్నదో చూస్తారు. అలా చూసినవారి వల్లనే మనకు ఈ ప్రాణి సంగతి తెలిసింది. ఈ పాఠంలో సాలీళ్ళ గురించి, వాటిని ఓపికగా చూసిన మనుషుల గురించి తెలుసుకుందాం.

పేరులోనే పని ఉన్నది

తెలుగులో సాలె అంటే బట్టలు నేసేవాడు. సాలీడు అన్నా నేతగాడు అనే అర్థమే. మగ్గం మీద నూలు నేసేవాడికీ, గోడ మూలలో దారం అల్లే పురుగుకూ మన పెద్దలు ఒకే పేరు పెట్టారు. సంస్కృతంలో దీనిని ఊర్ణనాభి అంటారు. ఊర్ణ అంటే ఉన్ని, నాభి అంటే బొడ్డు. దారం దాని నోటి నుంచి కాక పొట్ట భాగం నుంచి వస్తుందని ఆ పేరు పెట్టినవారు గమనించారన్నమాట. సూక్ష్మదర్శిని లేని కాలంలో కంటితో చూసి తెలుసుకున్న సత్యం అది.

తిరుపతికి దగ్గరలో ఉన్న శ్రీకాళహస్తి పేరు మీరు విని ఉంటారు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఈ మూడు ప్రాణులూ శివుణ్ణి పూజించి ముక్తి పొందాయని అక్కడి స్థలపురాణం. సాలీడు శివలింగం చుట్టూ తన దారాలతో గుడి కట్టిందట. ఒకనాడు దీపం అంటుకుని ఆ గూడు కాలిపోతుంటే, అది కోపంతో ఆ దీపాన్నే మింగబోయిందట. పదహారవ శతాబ్దంలో ధూర్జటి మహాకవి ఈ కథను కావ్యంగా రచించాడు. ఇంత చిన్న ప్రాణి పేరు ఒక పుణ్యక్షేత్రం పేరులో మొదటి అక్షరమై నిలిచింది.

సాలీడు కీటకం కాదు

సాలెపురుగు అని పిలిచినా, శాస్త్రజ్ఞులు దీనిని కీటకాలలో చేర్చరు. చీమ, ఈగ, సీతాకోకచిలుక కీటకాలు. వాటికి ఆరు కాళ్ళు, శరీరంలో మూడు భాగాలు ఉంటాయి. సాలీడుకు ఎనిమిది కాళ్ళు ఉంటాయి. శరీరం రెండే భాగాలు. తల, రొమ్ము కలిసి ముందు భాగం. పొట్ట వెనుక భాగం. దీనికి రెక్కలు లేవు. చాలా జాతులకు ఎనిమిది కళ్ళు ఉంటాయి. తేలు దీనికి దగ్గరి బంధువు.

చచ్చిన సాలీడును ఎప్పుడైనా చూశారా? దాని కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉంటాయి. దీనికి కారణం ఉన్నది. మన చేతిని ముడవడానికి ఒక కండరం, చాచడానికి ఇంకొక కండరం ఉంటాయి. సాలీడు కాలిలోని ముఖ్యమైన కీళ్ళ దగ్గర ముడిచే కండరాలే ఉన్నాయి, చాచే కండరాలు లేవు. కాలు చాచాలంటే అది శరీరంలోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి నెడుతుంది. నీళ్ళు వదిలితే రబ్బరు గొట్టం బిగుసుకుని నిటారుగా లేచినట్టు కాలు చాచుకుంటుంది. ప్రాణం పోగానే ఆ ఒత్తిడి పోతుంది. కాళ్ళు ముడుచుకుపోతాయి.

మగ్గం లేని నేత

సాలీడు పొట్ట చివర చిన్న చిన్న మొటిమల వంటి అవయవాలు ఉంటాయి. పొట్టలోని గ్రంథులలో దారానికి కావలసిన పదార్థం ద్రవరూపంలో ఉంటుంది. సాలీడు దానిని బయటికి లాగేటప్పుడు గట్టిపడి దారమవుతుంది. అన్ని పనులకూ ఒకే దారం పనికిరాదు. వేలాడడానికి ఒక రకం, పురుగును చుట్టడానికి ఒక రకం, గుడ్లకు సంచి అల్లడానికి ఇంకొక రకం దారం తీస్తుంది.

చక్రం వంటి గూడును సాలీడు ఎలా కడుతుందో చూద్దాం. ముందుగా అది ఒక కొమ్మ మీద నిలిచి సన్నని దారాన్ని గాలిలోకి వదులుతుంది. ఆ దారం ఎగిరి ఎదుటి కొమ్మకు అంటుకుంటుంది. అదే వంతెన. ఆ వంతెన నుంచి దిగుతూ మధ్య భాగాన్ని, చుట్టూ చట్రాన్ని కడుతుంది. తరువాత బండిచక్రానికి ఆకులు అమర్చినట్టు మధ్య నుంచి అంచులకు దారాలు లాగుతుంది. వాటిని కదలకుండా నిలపడానికి ఒక తాత్కాలికమైన చుట్టు వేస్తుంది. ఇది మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేసుకునే పరంజా వంటిది. చివరకు అంచు నుంచి లోపలికి వస్తూ జిగురు దారాన్ని చుట్టు చుట్టుగా అతికిస్తుంది. అలా వస్తూ పరంజా దారాన్ని విప్పేస్తుంది. పని పూర్తికాగానే గూటి మధ్యలో కాళ్ళు చాచి కూర్చుంటుంది. గూటిలో ఏ మూల పురుగు తగిలినా దారాల కదలిక వల్ల దానికి తెలిసిపోతుంది. చాలా సాలీళ్ళు పాత గూటిని తినివేసి, అదే సరుకుతో మళ్ళీ కొత్త దారం తీస్తాయి. అక్కడ వృథా అనేది లేదు.

అందరూ నేతగాళ్ళు కారు

సాలీళ్ళన్నీ గూడు కట్టి వేటాడవు. వంటింట్లో రాత్రిపూట అలమారు వెనుక నుంచి చప్పుడు లేకుండా వచ్చే పెద్ద, బల్లపరుపు సాలీడును మీరు చూసి ఉంటారు. అది వల పన్నదు. పరుగెత్తి బొద్దింకలను పట్టి తింటుంది. ఆడది తన గుడ్ల సంచిని పొట్ట కింద పెట్టుకుని మోస్తూ తిరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని హెటెరోపోడా వెనటోరియా అంటారు. వేడి దేశాలన్నిటిలోనూ ఇది మనుషుల ఇళ్ళలో నివసిస్తుంది. ఊళ్ళో అమ్మమ్మగారి ధాన్యపు గదిలో ఉన్నదీ ఇదే, సెరంగూన్ వంటింట్లో ఉన్నదీ ఇదే.

పగటిపూట గోడ మీద చిన్న చిన్న గంతులు వేస్తూ ఈగలను పట్టేది దూకే సాలీడు. దాని ముఖాన రెండు పెద్ద కళ్ళు మోటారు కారు దీపాల వలె ఉంటాయి. మీరు వేలు దగ్గరకు తెస్తే అది తిరిగి మిమ్మల్ని చూస్తుంది. ఇంకొక జాతి సాలీడు ఎదుటి పురుగు మీద జిగురును వంకర టింకరగా ఉమ్మి, దానిని నేలకు అంటించేస్తుంది.

వీటన్నిటి కంటె జిత్తులమారి పోర్షియా. ఇది సాలీళ్ళను తినే సాలీడు. సింగపూర్‌లోనూ, భారతదేశంలోనూ దీని జాతి ఒకటి ఉన్నది. పోర్షియా ఇతర సాలీడు గూటి అంచున నిలిచి, చిక్కుకున్న పురుగు కొట్టుకున్నట్టుగా దారాలను మీటుతుంది. గూటి యజమాని ఆహారం దొరికిందని దగ్గరకు వస్తుంది. అప్పుడు పోర్షియా మీద పడుతుంది. న్యూజిలాండ్‌లోని కాంటర్బరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ జాక్సన్ చాలా ఏళ్ళు ఈ సాలీళ్ళను పరిశీలించాడు. ఎర దగ్గరకు తిన్నగా దారి లేకపోతే పోర్షియా ముందు నిలిచి చూసుకుని, చుట్టు తిరిగే దారిని ఎంచుకుంటుందని ఆయనా, ఆయనతో పనిచేసినవారూ ప్రయోగాలతో చూపించారు. దారిలో ఎర కంటికి కనబడకపోయినా అది గమ్యం మరచిపోదు. సాలీడుకు బుద్ధి ఉండదని అనుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగించింది.

అగ్గిపెట్టెలో వీరుడు

ఇప్పుడు మన సింగపూర్ సంగతికి వద్దాం. మీ తాతల కాలంలో, అంటే ఇక్కడ ఎత్తయిన భవనాలు రాక ముందు, ఊళ్ళను కంపాంగులు అనేవారు. తాటాకు, రేకు కప్పిన ఇళ్ళు, చుట్టూ పొదలు. ఆ రోజుల్లో మగపిల్లలకు ఒక ఆట ఉండేది. పొదలలో ఒకదానికొకటి అంటుకుని ఉన్న రెండు ఆకుల కోసం వెతికేవారు. ఆ ఆకుల మధ్య నల్లని శరీరం మీద నీలి ఆకుపచ్చ రంగులో మెరిసే చారలున్న చిన్న దూకే సాలీడు దాగి ఉండేది. రెండు ఆకులను దారంతో కలిపి కుట్టి, ఆ సందులో కాపురం ఉండడం దాని అలవాటు. దానిని మెల్లగా పట్టి, పచ్చి ఆకు ముక్కతో పాటు అగ్గిపెట్టెలో పెట్టేవారు. తరువాత ఒకరి సాలీడును ఇంకొకరి సాలీడుకు ఎదురుగా నిలిపి పోటీ పెట్టేవారు.

రెండు మగ సాలీళ్ళు ఎదురుపడితే ముందు కాళ్ళు బారచాచి, ఒకదానిని ఒకటి కొలుచుకుంటాయి. ముఖానికి ముఖం ఆనించి నెట్టుకుంటాయి. బలం చాలనిది వెనుదిరిగి పారిపోతుంది. పందెం అక్కడితో ముగుస్తుంది. మింగ్ చెర్ అనే రచయిత 1950ల నాటి ఈ పిల్లల పోటీలను గురించి ‘స్పైడర్ బాయ్స్’ అనే నవల రాశాడు. అది 1995లో వెలువడింది.

ఈ సాలీడు శాస్త్రీయనామం థియానియా భామోయెన్సిస్. 1887లో స్వీడన్ పండితుడు థోరెల్ దీనికి ఆ పేరు పెట్టాడు. బర్మాలో ఐరావతి నది ఒడ్డున ఉన్న భామో పట్టణం పేరు అందులో ఉన్నది. ఆ పిల్లలకు ఈ పేరు తెలియదు. కాని ఏ ఆకుల మధ్య దొరుకుతుంది, ఏ వేళకు బయటికి వస్తుంది, మగదేది, ఆడదేది అనే సంగతులన్నీ తెలుసు. పట్టుకోవాలంటే ముందు చూడడం నేర్చుకోవాలి మరి. కంపాంగులు పోయి, పొదలు తగ్గి, పిల్లలకు వేరే ఆటలు వచ్చాయి. ఆ ఆట పోయింది. సాలీడు మాత్రం తోటలలో ఇప్పటికీ ఉన్నది.

దౌత్యాధికారి చేతిలో సీసాలు

సింగపూర్‌లో సాలీళ్ళ గురించి తెలుసుకోగోరినవారు తప్పక వినే పేరు జోసెఫ్ కో. ఆయన ఉద్యోగరీత్యా ప్రాణిశాస్త్ర ఆచార్యుడు కాదు, దౌత్యాధికారి. బ్రూనైలోనూ, ఆస్ట్రేలియాలోనూ సింగపూర్ హైకమిషనర్‌గా పనిచేశాడు. దేశాల మధ్య వ్యవహారాలు చూస్తూ, తీరిక దొరికినప్పుడు అడవులలో సాలీళ్ళ కోసం తిరిగేవాడు. 1989లో సింగపూర్ సైన్స్ సెంటర్ ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని ప్రచురించింది. సింగపూర్‌లో సామాన్యంగా కనిపించే సాలీళ్ళను గుర్తుపట్టడానికి అది దారి చూపింది. 2013లో బోర్నియో సాలీళ్ళ మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది. ఏళ్ళ తరబడి సేకరించిన వేలకొద్దీ సాలీళ్ళను ఆయన లీ కాంగ్ చియాన్ ప్రకృతిచరిత్ర మ్యూజియానికి ఇచ్చాడు. ఆ మ్యూజియం సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో 2015 నుంచి ఉన్నది.

మ్యూజియంలో చచ్చిన సాలీళ్ళను సీసాలలో దాచడం ఎందుకని మీరు అడగవచ్చు. ప్రతి సీసాలోనూ ఒక చిన్న చీటీ ఉంటుంది. ఈ ప్రాణి ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది, ఎవరు పట్టారు అని ఆ చీటీ మీద రాసి ఉంటుంది. యాభై ఏళ్ళ తరువాత అక్కడ అడవి లేకపోయినా, ఒకప్పుడు ఫలానా సాలీడు అక్కడ బ్రతికిందని ఆ చీటీ సాక్ష్యం చెబుతుంది. చీటీ లేని సీసాకు విలువ చాలా తక్కువ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందు ముందు మనకు పనికివస్తుంది.

చీమలకు కంచె, కంటికి కనబడని రంగు

అదే విశ్వవిద్యాలయంలో ఆచార్య దైచిన్ లీ, ఆయన శిష్యులు బ్రతికి ఉన్న సాలీళ్ళను పరిశీలించారు. వారు కనుగొన్న రెండు విషయాలు చెప్పుకుందాం.

మొదటిది బంగారు గూటి సాలీడు సంగతి. దాని గూటి దారం ఎండలో పసుపుపచ్చగా మెరుస్తుంది. గూడు కదలకుండా ఒకేచోట ఉంటుంది. మధ్యలో లావైన సాలీడు, చుట్టూ చిక్కుకున్న పురుగులు. చీమలకు ఇంతకంటె మంచి విందు ఏమున్నది? అయినా చీమలు ఆ గూటి మీదికి రావడం లేదు. ఎందుచేత? 2012లో లీ బృందం, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కలిసి దీనికి సమాధానం చెప్పారు. అప్పట్లో నెఫిలా యాంటిపోడియానా అని పిలిచిన ఈ సాలీడు తన దారాల మీద చీమలకు గిట్టని ఒక రసాయన పదార్థాన్ని పూస్తుంది. దానిని తాకిన చీమలు వెనుదిరుగుతాయి. వింత ఏమిటంటే, చిన్న పిల్ల సాలీళ్ళ దారం మీద ఈ పదార్థం లేదు. వాటి దారం చీమ నడవలేనంత సన్నంగా ఉంటుంది. కాబట్టి వాటికి ఆ కంచె అక్కరలేదు. దారం లావెక్కిన తరువాతనే సాలీడు మందు పూయడం మొదలుపెడుతుంది.

రెండవది ఒక దూకే సాలీడు సంగతి. దాని పేరు కాస్మోఫేసిస్ అంబ్రాటికా. ఎండ తగిలే పొదల మీద తిరుగుతుంది. ఎండలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. దూకే సాలీళ్ళ కంటికి అవి కనబడతాయి. ఈ జాతి మగదాని ముఖం, ఒళ్ళు ఆ కిరణాలను తిప్పి కొట్టి మెరుస్తాయి. ఆ కిరణాలు తగిలితే ఆడదాని ముఖం దగ్గరి చిన్న అవయవాలు ఆకుపచ్చని వెలుగు నిస్తాయి. ఆ కిరణాలను అడ్డుకుంటే ఏమవుతుందని మాథ్యూ లిమ్, మైకేల్ ల్యాండ్, దైచిన్ లీ పరీక్షించారు. మెరుపు లేని జోడును రెండవ సాలీడు పట్టించుకోలేదు. ఈ ఫలితం 2007లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. మన నడకదారి పక్కన పొద మీద మనకు కనబడని రంగులతో మాటలు సాగుతున్నాయన్నమాట.

గుత్తిలో దొరికిన నీలమణి

ఇప్పుడు మన తెలుగునేలకు చెందిన ఒక సాలీడు కథ వినండి. అనంతపురం జిల్లాలో గుత్తి అనే ఊరు ఉన్నది. కొండ మీద కోట, కింద పెద్ద రైల్వే జంక్షన్. పందొమ్మిదవ శతాబ్దం చివర అక్కడి రైల్వే కలప అడితిలో ఒక పెద్ద సాలీడు దొరికింది. అది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే శాస్త్రజ్ఞుడి చేతికి చేరింది. 1899లో ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం పత్రికలో దానిని వర్ణించి పొయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఒంటినిండా లోహం వలె మెరిసే నీలిరంగు. కాళ్ళ మీద పసుపు మచ్చలు. కాళ్ళు చాచితే పెద్దవారి అరచేయంత వెడల్పు.

ఆ నీలం రంగు కూడా విచిత్రమైనదే. దాని వెంట్రుకలలో నీలిరంగు పదార్థం లేదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మమైన నిర్మాణం వెలుతురులోని నీలాన్ని మాత్రమే ఎక్కువగా తిప్పి పంపుతుంది. నెమలి పింఛం రంగు కూడా ఇటువంటి ఏర్పాటు వల్లనే వస్తుంది.

పేరు పెట్టిన తరువాత ఆ సాలీడు మళ్ళీ కనబడలేదు. గుత్తి చుట్టుపక్కల దాని జాడ లేదు. ఒకటి కాదు, రెండు కాదు, నూట రెండు సంవత్సరాలు గడిచాయి. చివరకు 2001లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరాన, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో అది దొరికింది. అక్కడ ఎత్తయిన పాత చెట్ల తొర్రలలో అది కాపురముంటున్నది. గుత్తి దాని స్వస్థలం కాదు. నరికిన కలపతో పాటు రైలెక్కి అక్కడికి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మ్యూజియం చీటీ మీద గుత్తి అని ఉన్నది. అది దొరికిన చోటే గాని, బ్రతికిన చోటు కాదు. ఇల్లు ఎక్కడో తెలియకపోతే ఒక ప్రాణి గురించి మనకు తెలిసింది సగమేనని ఈ కథ చెబుతున్నది.

ఆ ఇల్లు ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది. ఈ సాలీడు బ్రతికే అడవి మనకు తెలిసినంతవరకు 100 చదరపు కిలోమీటర్ల లోపే. అంటే సింగపూర్ దేశంలో దాదాపు ఏడో వంతు. అక్కడ కలప కోసం, వంటచెరకు కోసం చెట్లు నరుకుతున్నారు. పాత చెట్టు పోతే తొర్ర పోతుంది. తొర్ర పోతే సాలీడు ఎక్కడికి పోతుంది? 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల పట్టికలో చేర్చింది.

దీనికి దాని అందమే మరొక చిక్కు తెచ్చిపెట్టింది. విదేశాలలో దీనిని ‘గుత్తి నీలమణి’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచి, పెంపుడు ప్రాణిగా కొనేవారు చాలామంది ఉన్నారు. అందుచేత ఈ ప్రజాతి సాలీళ్ళ అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపులో పెట్టాలని 2019లో ప్రపంచ దేశాలు సైటిస్ ఒప్పందం కింద నిర్ణయించాయి. సింగపూర్‌లో ఇటువంటి పెద్ద సాలీళ్ళను ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదు. నల్లమల అడవిని చూడని వారు కూడా గాజుపెట్టెలో దీనిని చూసి ఆనందిస్తున్నారు. కాని గాజుపెట్టెలో వంద సాలీళ్ళు ఉన్నా, అడవిలో ఒక చెట్టు తొర్రకు అవి బదులు కావు.

మీరూ చూడవచ్చు

ప్రపంచంలోని సాలీళ్ళ పేర్ల పట్టికను స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరపు మ్యూజియం నిర్వహిస్తున్నది. 2022లో ఆ పట్టిక 50,000 జాతులకు చేరింది. ఆ యాభైవేలవది బ్రెజిల్‌లో దొరికిన దూకే సాలీడు. ఇంకా పేరు పెట్టనివి ఎన్నో ఉన్నాయి. కాబట్టి పని అయిపోలేదు. అది మీ కోసం కూడా మిగిలి ఉన్నది.

పని మొదలుపెట్టడానికి అడవికి పోనక్కరలేదు. మీ ఇంటి ముందు కారిడార్ చాలు. పూలకుండీల మధ్య, మెట్ల కిటికీ దగ్గర, చెప్పుల అర వెనుక ఒక సాలీడును వెతకండి. చేత్తో ముట్టుకోవద్దు. గూడు చెరపవద్దు. కొంచెం దూరంగా కూర్చోండి. ఒక నోటు పుస్తకంలో మూడు ప్రశ్నలు రాసుకోండి. ఎక్కడ ఉన్నది? ఎప్పుడు చూశాను? ఏం చేస్తున్నది? ప్రతిరోజూ పది నిమిషాలు చూసి జవాబులు తెలుగులో రాయండి. బొమ్మ వేయండి. వారం రోజులలో ఒక సంగతి మీకు తెలుస్తుంది. మీరు మొదటిరోజు ‘ఒక సాలీడు’ అని రాసి ఉంటారు. ఏడో రోజుకు ‘మెట్ల దగ్గర కిటికీ సాలీడు, ఒక కాలు లేనిది, సాయంత్రం గూడు కట్టేది’ అని రాస్తారు. పట్టలేదు, పెట్టెలో పెట్టలేదు. అయినా అది మీకు పరిచయమైంది.

ఈసారి పండుగకు బూజు దులిపేటప్పుడు ఇంట్లో పెద్దలను ఒక్క నిమిషం ఆగమనండి. గూట్లో ఎవరైనా ఉన్నారా అని చూడండి. ఉంటే ఒక గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జరిపి, దానిని జాగ్రత్తగా కుండీలోని మొక్క దగ్గర దించండి. పెద్దవారి సహాయం తీసుకోండి. ఇల్లు శుభ్రమవుతుంది. నేతగాడికి కొత్త చోటు దొరుకుతుంది. మరునాడు పొద్దున్న ఆ కుండీ దగ్గరకు వెళ్ళి చూడండి. వంతెన దారం అప్పటికే పడి ఉండవచ్చు.

ప్రశ్నలు

1. సాలీడు కీటకం కాదని ఎలా చెప్పగలరు?
2. చచ్చిన సాలీడు కాళ్ళు ఎందుకు ముడుచుకుపోతాయి?
3. పెద్ద బంగారు గూటి సాలీడుకు కావలసిన రసాయనం దాని పిల్లలకు ఎందుకు అక్కరలేదు?
4. గుత్తి పేరు మీద ప్రసిద్ధమైన సాలీడు గుత్తిలో మళ్ళీ ఎందుకు దొరకలేదు?
5. మీ ఇంట్లో తాతయ్యనో, నాయనమ్మనో అడిగి వారి చిన్ననాటి పురుగుల ఆట ఒకటి తెలుసుకుని పది వాక్యాలలో రాయండి.